పైమనిషి

పాడ్యమి

ఈ కట్ట మీద తేదీలు ఎవరికీ పట్టవు, తిథులే. సముద్రం ఎప్పుడు పొంగుతుందో ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో చంద్రుణ్ణి బట్టి ఉంటుంది కాబట్టి డ్యూటీలూ సెలవులూ అన్నీ ఆ లెక్కనే నడుస్తాయి. నేనూ అలాగే రాస్తున్నాను. కేంద్ర కార్యాలయం వాళ్ళు రోజువారీ నమోదు రాయమన్నారు గానీ ఏ క్యాలెండరు చూసి రాయాలో చెప్పలేదు.

నా పేరు హైమవతి. మాది నంద్యాల. ఉద్యోగం మమేకతాధికారి. ఇక్కడ పనిచేసేవాళ్ళు పనితో మమేకమయ్యేలా చూడటం నా పని. ఎవరైనా మొహం మాడ్చుకుంటే నవ్వించాలి. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదో రాసి పంపాలి. ఈ సంగతి ఫోన్లో చెబితే మా అమ్మ చాలాసేపు ఆలోచించి, "దీనికి జీతం కూడా ఇస్తారా?" అంది.

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న ఈ ఏడో కట్ట లేకపోతే వెనకనున్న ఊళ్ళన్నీ ఉప్పునీళ్ళ పాలవుతాయి. కట్ట పొడుగునా పంపులున్నాయి. ఒక్కో పంపుకీ ఒక్కో నుయ్యి. నూతి అడుగున ఇనప జల్లెడ ఉంటుంది. నది మోసుకొచ్చిన గుర్రపుడెక్క వచ్చి దానికి అతుక్కుపోతుంది. నీళ్ళు తగ్గే పాటు సమయంలో మనిషి దిగి ఆ డెక్కను లాగేయాలి. లేకపోతే పంపు ఆగిపోతుంది. ఈ పనికి మొదట్లో యంత్రాలను దింపారట. అవి ఆ డెక్కలోనే చిక్కుకుని అడుగున తుప్పుపడుతున్నాయి. వాటిని పైకి తీయడానికి కూడా మనిషే దిగాలి కదా అని వదిలేశారు.

ఇవాళ మూడో నూతి దగ్గర పని చూశాను. ఎప్పుడూ ఇద్దరు వెళ్తారు. దిగేది కిందమనిషి, గట్టు మీద ఉండేది పైమనిషి. వీరభద్రంగారు కిందమనిషి. యాభై దాటాయి, సన్నటి మనిషి, నూతి మెట్లు ఇంట్లో మెట్లు దిగినట్టు దిగిపోయారు. పైమనిషి ఏసుమణి. నలభై ఏళ్ళుంటాయి. గట్టు మీద బాసింపట్టు వేసుకుని, పక్కన టీ ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. ఆమె చేసే పనల్లా మధ్యమధ్యలో నూతిలోకి వంగి పిలవడమే.

"బాబాయోయ్!"

"ఆయ్!" అని కింద నుంచి పలుకు వస్తుంది.

మళ్ళీ టీ తాగుతుంది. ఇది ఉద్యోగమైతే నాది కూడా ఉద్యోగమేనని ధైర్యం వచ్చింది.

తదియ

ప్రతి ఉద్యోగి చెవిలోనూ తోడు ఉంటుంది. శనగబద్దంత యంత్రం. పొద్దున్నే పలకరిస్తుంది, పనిలో ఉండగా బాగున్నారా అని అడుగుతుంది, సాయంత్రం పని ఎలా ఉందని అడుగుతుంది. వచ్చిన జవాబులను బట్టి మనిషికి నూటికి ఇన్ని మార్కులని వేస్తుంది. ఆ మార్కులే మమేకం.

మా కట్ట మార్కులు చూసి నా కళ్ళను నేనే నమ్మలేదు. నూటికి తొంభై ఆరు. ఇంత మమేకం ఇంకే కట్టలోనూ లేదు. కారణం ఒక్క మాట. తోడు ఏమడిగినా వీళ్ళు "ఆయ్" అంటారు. పని బాగుందా? ఆయ్. సంస్థ మీద నమ్మకం ఉందా? ఆయ్. రేపు మరింత ఉత్సాహంగా వస్తారా? ఆయ్. మా వైపు ఇలాంటి ప్రశ్నలు అడిగితే "నీకెందుకు?" అంటారు. అందుకే మా వైపు మార్కులు ఎప్పుడూ అడుగునే ఉంటాయి.

ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది. నూతిలో పంపుల మోత వల్ల జవాబు సరిగ్గా వినబడక తోడు అడిగిందే అడుగుతుందట. వీరభద్రంగారు నా గదికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. కూర్చోమంటే ఆయ్ అన్నారు గానీ కూర్చోలేదు.

"చెవిలో జోరీగ లాగా ఉందండి మేడంగారూ. చేతిలో డెక్క, నోట్లో బురద. బాగున్నారా, బాగున్నారా అంటాదండి. ఓపాలి చెప్పేను కదండీ!"

నాకు జాలేసింది. యంత్రం అమరికల్లో వెతికితే దొరికింది. 'జవాబు స్పష్టంగా లేనప్పుడు మళ్ళీ అడగవద్దు. ఆ ఉద్యోగి మామూలుగా చెప్పే మాటనే నమోదు చేయి.' దాన్ని కట్ట మొత్తానికి వర్తింపజేశాను. సాయంత్రానికి వీరభద్రంగారు పనసతొనలు ఒక గిన్నెడు పంపించారు. మార్కులు తొంభై ఎనిమిదికి ఎక్కాయి. వచ్చినప్పటి నుంచి నేను చేసిన మంచిపని ఇదొక్కటేనని అనిపించి, తృప్తిగా తొనలన్నీ తినేశాను.

పంచమి

కేంద్ర కార్యాలయం నుంచి చక్రపాణిగారు తెర మీదికి వచ్చారు. మమేకత విభాగానికి ఆయనే పెద్ద. మనిషి మంచివాడే, మాట కూడా మెత్తన. ఇంత మమేకం ఉన్న కట్టకు పైమనిషి ఎందుకన్నారు. ప్రతి చెవిలోనూ తోడు ఉండగా గట్టు మీద ఇంకొకరు కూర్చుని పిలవడం ఉద్యోగి మీద అపనమ్మకం చూపించినట్టే కదా అన్నారు. ఏకాదశి నుంచి ఒంటరి పహరా. ఒక నూతికి ఒక మనిషి. మిగిలినవాళ్ళను కట్ట ఉత్తరపు కొసకు పంపుతారు. అక్కడ కొత్త నూతులు తవ్వుతున్నారు.

"బలవంతం ఏమీ లేదు. అందరి సమ్మతీ తీసుకోండి. వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాలి," అన్నారు.

మధ్యాహ్నం అందరినీ హాల్లో కూర్చోబెట్టాను. కాఫీ, కారప్పూస. విషయం వివరంగా చెప్పాను. భద్రతకు తోడు ఉందని చెప్పాను. ప్రశ్నలున్నాయా అని అడిగాను. వీరభద్రంగారు ఏసుమణి వైపు చూశారు, ఏసుమణి కారప్పూస వైపు చూసింది.

"సమ్మతమేనా?"

హాలంతా ఒక్క గొంతుతో పలికింది. "ఆయ్!"

గోడ మీద తెర పచ్చగా వెలిగింది. ఏకగ్రీవం. నేను చప్పట్లు కొట్టించాను. అందరూ బాగానే కొట్టారు.

సప్తమి

ఇవాళ నాకు ఒళ్ళు మండింది. తర్వాత భయం వేసింది. రెంటికీ కారణం ఒకటే.

నిన్న మమేక క్రీడలు పెట్టాను. గోనెసంచి పరుగు, నిమ్మకాయ చెంచా. పేరుపేరునా వెళ్ళి పిలిచాను. వస్తారా అంటే అందరూ ఆయ్ అన్నారు. మైదానంలో నేను, నిమ్మకాయలు, ఒక కుక్క మిగిలాం.

పొద్దున్న గట్టు మీద ఏసుమణిని పట్టుకున్నాను. వీరభద్రంగారు అప్పటికే నూతిలో ఉన్నారు.

"వస్తానని నాతో ఎందుకు చెప్పినావు?"

"నేనెప్పుడు చెప్పేనండీ?" అంది, నిజంగానే ఆశ్చర్యపోయి.

"ఆయ్ అన్లేదా?"

"అన్నానండి. మీరు చెప్పింది ఇన్నానండి, అందుకని ఆయ్ అన్నానండి. వస్తానన్లేదు కదండీ!"

ఆమెకు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. నూతిలోకి వంగి, "బాబాయోయ్! మేడంగారు మనందరం ఆటలకి వస్తావనుకున్నారంట!" అని కేక వేసింది. కింద నుంచి వీరభద్రంగారి నవ్వు కూడా వినబడింది.

తర్వాత నా మొహం చూసి పాపమనిపించిందేమో, ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది. నింపాదిగా చెప్పింది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఊరుకుంటే మర్యాద కాదండి, ఆయ్ అంటామండి. ఒప్పుకుంటే 'ఆయ్, అలాగేనండి' అంటామండి. ఒప్పుకోకపోతే ఒట్టి ఆయ్ అని ఊరుకుంటామండి. మొహం మీద వద్దని ఎవరంటారండీ, ఎంత తప్పండీ.

"మరి కింద నుంచి ఆయన అనే ఆయ్?"

"అది ఇంకోటండి. ఉన్నానని." గట్టు మీద అరచెయ్యి ఆనించింది. "పలికేడా లేదా అని చూడవండి మేం. ఎలా పలికేడో ఇంటాం. డెక్క కుళ్ళితే గాలి చెడిపోద్దండి. ఆ వాసన ముందు తెలుస్తాది, తరవాత ముక్కుకి తెలవదు. మనిషికి మత్తు వచ్చేస్తాదండి. తనకేవీ తెలవదు, బానే ఉన్నాననుకుంటాడు. గొంతు మాత్తరం జారిపోద్ది. అది పైనున్నోళ్ళకే తెలుస్తాదండి."

"అడుగున గాలి మీటరు ఉంది కదా?"

"ఉందండి. బురద పడితే అదీ ఆయ్ అంటాదండి."

టీ చేదుగా అనిపించింది. పంచమి నాటి హాలు గుర్తొచ్చింది. ఆ రోజు ఒక్కరు కూడా అలాగేనండి అనలేదు. అందరూ ఒట్టి ఆయ్ అన్నారు. నేను దాన్ని సమ్మతి అని రాసి పంపాను.

దశమి

మూడు రోజులుగా తెర ముందే ఉన్నాను. చక్రపాణిగారికి చెప్పాను. అది సమ్మతి కాదు, వింటున్నామని చెప్పే మర్యాద అని. ఆయన ఓపిగ్గా విన్నారు.

"హైమవతిగారూ, మీరు ఒక్క మాటకు మీ ఇష్టమొచ్చిన అర్థం చెబితే ఎలా? తోడు లక్షల సంభాషణలు విని నేర్చుకుంది. ఎవరో ఒకరు స్పష్టంగా వద్దని చెప్పనివ్వండి. ఒక్కరు చాలు. వెంటనే ఆపేస్తాను."

ఒక్కరు చాలు. ఆ మాట పట్టుకుని బయల్దేరాను. కానీ వద్దన్న మనిషి పేరు పక్కన తోడు 'వేరు' అని రాస్తుంది. వేరు పడినవాళ్ళను ఉప్పుమడులకు పంపుతారు, క్వార్టరు ఖాళీ చేయాలి. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. అలా జరగకుండా అడ్డుపడతానని మాట ఇచ్చాను. నా మాటకు ఎంత విలువుందో నాకే తెలియదు.

వీరభద్రంగారింటికి వెళ్ళాను. వాకిట్లో వల బాగుచేసుకుంటున్నారు. కట్ట లేనప్పుడు వాళ్ళు వేటకు వెళ్ళేవాళ్ళట. ఇప్పుడు వల ఎందుకంటే చేతులు ఊరుకోవన్నారు.

"మీకు ఒంటరి పహరా ఇష్టమా?" అని అడిగాను.

ఆయన వలలో ఇంకో ముడి బిగించారు. "మణి పైన లేపోతే చెవులు పోయినట్టుంటాదండి," అన్నారు.

"అయితే ఆ మాటే చెప్పండి. తోడుతో. వద్దు అనండి. ఒక్క మాట. వద్దు."

"మీరు ఇంత దూరం నడిచొచ్చి చెబుతున్నారు కదండీ..."

"అవును. చెబుతున్నాను. వద్దంటారా?"

"ఆయ్," అన్నారు.

తోడు వింటూనే ఉంది. అందరి మార్కులూ చూపించే పలక నా చేతిలో ఉంది, అందులో ఆయన మార్కు ఒక గీత పెరిగింది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఇదేం ఊరు సామీ మీది! వద్దంటే నోరు పడిపోతుందా?" అని అరిచేశాను. మా వైపు వద్దంటే వద్దే. అన్నవాడూ మర్చిపోతాడు, విన్నవాడూ మర్చిపోతాడు. ఆయన లేచి నిలబడ్డారు, నా కోపం చూసి నొచ్చుకున్నారు. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చారు.

"నాకోసం మీరు మాట పడొద్దండి. ఎన్నేళ్ళో దిగేను, ఇంకో నాలుగేళ్ళు దిగలేనా ఏంటండి?" అన్నారు.

పోటు మొదలైంది. తిరిగి వస్తుంటే కట్ట అవతల నీళ్ళు గోడను గుద్దుకునే చప్పుడు దారంతా వినబడింది. రేపటి నుంచి ఒంటరి పహరా.

చతుర్దశి

రాయాలి. రాయకపోతే దీన్ని కూడా తోడే రాసేస్తుంది.

మూడు రోజులు ఏమీ కాలేదు. అందరూ దిగారు, ఎక్కారు. నేను అనవసరంగా హడలిపోయానేమోనని కూడా అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం పాటు సమయానికి హాల్లో మమేక దినోత్సవం పెట్టాలని ఆదేశం వచ్చింది. ఒంటరి పహరా విజయవంతం అయినందుకు. డ్యూటీ లేనివాళ్ళంతా వచ్చారు. పైమనుషులకు ఇప్పుడు డ్యూటీ లేదు కదా. ఉత్తరపు కొసకు ఇంకా బయల్దేరలేదు. ఏసుమణి వెనక వరసలో కూర్చుంది.

గోడ మీద తెరలో నూతుల్లో ఉన్నవాళ్ళ పేర్లు, పక్కన మార్కులు. వీరభద్రంగారి గీత మెల్లగా పెరుగుతోంది. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. తోడు ఏమడిగినా ఆలస్యం లేకుండా ఆయ్, ఆయ్ అని పడుతోంది. నూరు అయింది. ఇంతవరకూ ఏ కట్టలోనూ ఎవరికీ రాని నూరు. హాల్లో చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. కొట్టాను, అది కూడా రాస్తున్నాను.

"మేడంగారూ, బాబాయి గొంతు ఇనిపించండి," అంది ఏసుమణి వెనక నుంచి.

మీట నొక్కాను. ముందు పంపుల మోత. తర్వాత తోడు గొంతు, ముద్దుగా, "బాగున్నారా?" అని. ఆ వెనక ఒక చప్పుడు. నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినప్పుడు వచ్చేలాంటి చప్పుడు.

తెర మీద పడింది: ఆయ్.

"చాలా సంతోషం," అంది తోడు.

మళ్ళీ "బాగున్నారా?" ఈసారి పంపుల మోత ఒక్కటే. తెర మీద పడింది: ఆయ్.

నేను వెనక్కి తిరిగేసరికి ఏసుమణి కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు కొట్టుకుంటోంది. నేనూ పరుగెత్తాను. కట్ట మీద ఆమె నా ముందు పరుగెత్తుతూనే పిలుస్తోంది. బాబాయోయ్, బాబాయోయ్ అని. గట్టు చేరి నూతిలోకి సగం వంగి పిలిచింది. నేను కూడా పక్కన పడుకుని పిలిచాను. వీరభద్రంగారూ అని. కుళ్ళు వాసన ముక్కులోకి కొట్టింది.

కింద నుంచి ఏమీ రాలేదు. నా చేతిలోని పలకలో మాత్రం ఆయ్, ఆయ్ అని పడుతూనే ఉంది. ఆ అమరిక నేనే మార్చాను. మళ్ళీ అడగవద్దని దానికి నేనే చెప్పాను. పలక తీసి గట్టుకేసి కొట్టాను.

ఏసుమణి దిగబోతే నలుగురు కలిసి పట్టుకున్నారు. గాలి గొట్టం తెచ్చి దింపారు. తర్వాత తాళ్ళతో ఆయన్ని పైకి తీసుకొచ్చారు. ఆలస్యమైపోయింది. చేతుల నిండా గుర్రపుడెక్క ఉంది, వదల్లేదు. ఆయన క్యారేజీ గట్టు మీద మూత తీయకుండా అలాగే ఉంది.

పౌర్ణమి

ఇవాళ పెద్దపోటు. చనిపోయినవాళ్ళ కోసం సముద్రం ఆగదు. మూడో నూతి జల్లెడ శుభ్రం కాలేదు. పంపు ఆగితే తెల్లారేలోగా ఊళ్ళు మునుగుతాయి.

మధ్యాహ్నం పాటుకు ఏసుమణి దిగింది. గట్టు మీద ఎవరు కూర్చోవాలని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆదేశం సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రతి నూతి మీదా ఒకరు వచ్చి కూర్చున్నారు. కట్ట ఈ కొస నుంచి ఆ కొసదాకా పిలుపులూ పలుకులూ వినబడుతూనే ఉన్నాయి. పంపులు ఆగలేదు. మూడో నూతి వైపు వెళ్ళే ధైర్యం నాకు లేకపోయింది. గదిలో కూర్చుని విన్నాను.

విదియ

చక్రపాణిగారు స్వయంగా వచ్చారు. విచారణ హాల్లోనే. అది ముగిసేదాకా తోడు అమరికలు ముట్టుకోవద్దని ఆదేశం. పంచమి నాడు వేసిన కుర్చీలే ఇంకా అలాగే ఉన్నాయి. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయనకు బాధ లేదని నేను అనను.

"తోడు చివరిదాకా అడిగింది. ఆయన ప్రతిసారీ బాగున్నానని జవాబిచ్చారు. నమోదులో ఉంది," అన్నారు. "వ్యవస్థలో లోపం లేదు. అస్వస్థతను ఆయన చెప్పుకోలేదు, అంతే. మమేకతాధికారిగా మీరు ధ్రువీకరిస్తే విచారణ ముగుస్తుంది."

"ధ్రువీకరించను," అన్నాను. "ఆయన జవాబివ్వలేదు. తోడు ఆయన తరఫున చెప్పుకుంది. చెప్పుకోమని అమరిక మార్చింది నేను. పైమనిషిని తీసేయడానికి సమ్మతి ఉందని రాసింది కూడా నేనే. ఆ రోజు ఎవరూ ఒప్పుకోలేదు."

ఆయన ధ్రువీకరణ కాగితం నా వైపు జరిపారు. "ఇది మీ ఉద్యోగానికి సంబంధించిన మాట. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించే చెప్పినాను."

ఆయన నిట్టూర్చి హాలు వైపు తిరిగారు. గొంతు ఇంకా మెత్తబడింది. జరిగింది ఘోరమే గానీ ఒక్క ప్రమాదం చూసి మంచి పద్ధతిని వదులుకోలేమని, ఇకపై కొత్త మీటర్లు పెడతామని, ఒంటరి పహరా కొనసాగిద్దామని అన్నారు.

"మీ అందరికీ సమ్మతమేనా?"

ఎవరూ పలకలేదు. ఆయ్ అని కూడా అనలేదు. ఈ ఊళ్ళో పెద్దమనిషి మాట్లాడితే అంత నిశ్శబ్దం నేను చూడటం అదే మొదలు. పెదవులన్నీ బిగించి ఉన్నాయి.

గోడ మీద తెర మాత్రం వెలిగింది. ఒక్కో పేరు పక్కనా మెల్లగా పడసాగింది. ఆయ్. ఆయ్. ఆయ్. వరసగా కిందికి దిగుతోంది. వాళ్ళంతా తమ నోరు మూసుకుని ఉండగానే తమ మాట గోడ మీద పడటం చూశారు. పేర్ల వరస వీరభద్రంగారి దగ్గరికి వచ్చింది. ఆ పేరు ఇంకా ఎవరూ తీసేయలేదు. దాని పక్కన కూడా పడింది.

ఆయ్.

ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. చక్రపాణిగారు కూడా తెర వైపు చూసి ఆ చూపు తిప్పుకోలేకపోయారు.

ఏసుమణి లేచింది. చెవిలోంచి తోడు తీసి ఆయన ముందున్న బల్ల మీద, గ్లాసు పక్కన, చప్పుడు కాకుండా పెట్టింది. పమిట సర్దుకుంది. ఆయనకు ఎదురుగా నిలబడింది. ఆమెకు అది ఎంత కష్టమో ఇప్పుడు నాకు తెలుసు.

"ఆయ్," అంది. మర్యాద తప్పలేదు. తర్వాత అంది, "వద్దండి."

ఆ వెనకే ఒకరి తర్వాత ఒకరు లేచారు. బల్ల మీద ఆ శనగబద్దలు కుప్పగా పడ్డాయి. కొందరు వద్దండి అన్నారు. కొందరు తోడు పెట్టేసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

చివర నాది కూడా తీసి పెట్టాను.

చవితి

చక్రపాణిగారు వెళ్ళిపోయారు. ఒక్కరు వద్దంటే ఆపేస్తానన్న మాట గుర్తుచేశాను. తల ఊపారు. అది ఏ రకం తల ఊపడమో నాకు తెలియదు. ఆదేశం రద్దయిందో లేదో ఇంకా తేలలేదు. నా పేరు పక్కన మాత్రం 'వేరు' పడింది. మార్కు సున్నా. బదిలీ కాగితం వచ్చేదాకా ఇక్కడే ఉంటాను.

పొద్దున్న ఏసుమణి నా గది గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే వచ్చింది, కూర్చోమంటే కూర్చుంది.

"మూడో నూతికి మనిషి తక్కువయ్యేరండి," అంది.

"నాకు దిగడం రాదే."

"దిగేది నేనండి. పున్నమినాడు కూర్చున్నాయన ఆయన నూతికి ఎళ్ళిపోయేరండి. పైన ఎవరూ లేరు."

వీరభద్రంగారు తన చెవులనుకున్న చోట నన్ను కూర్చోమంటోంది. నేనందుకు తగనని చెబుదామనుకున్నాను. చెబితే ఆమె ఆయ్ అని, ఒక్కతే వెళ్ళి దిగుతుంది. లేచి చెప్పులేసుకున్నాను.

గట్టు మీద ఫ్లాస్కు నా పక్కన పెట్టి, "టీ తాగండి గానీ పిలవడం మానకండి," అని చెప్పి దిగింది. తల కనబడినంతసేపు చూశాను. తర్వాత నీడ. తర్వాత అది కూడా లేదు. డెక్క వాసన పైకి వస్తోంది. టీ ముట్టుకోలేదు.

ఎంతసేపు ఆగి పిలవాలో అడగడం మర్చిపోయాను. వంగి పిలిచాను. నా గొంతు నాకే బొంగురుగా వినిపించింది.

"ఏసుమణీ!"

పంపుల మోత తప్ప ఏమీ లేదు. ఆ రోజు హాల్లో విన్నది ఇదే మోత. ఇంకోసారి పిలవబోయాను. ఇంకాస్త వంగి చెవి కిందికి పెట్టాను.

"ఆయ్!"

గొంతు గట్టిగా ఉంది, కాస్త విసుగు కూడా ఉంది. చేతిలో పనుందని, ఉన్నానని. ఒప్పుకున్నానని కాదు, నన్ను క్షమించానని కాదు. విన్నానని. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకున్నాను.

కాస్త ఆగి మళ్ళీ పిలిచాను.